పాత పికప్ ట్రక్కులో పాట వినపడాలి, సిస్టం కనపడకూడదు

పాత పికప్‌లో మంచి ఆడియో పెట్టాలనుకున్నవాళ్లు చాలామంది ముందు స్పీకర్లు కొనేస్తారు. కొనకండి. ముందు బానెట్ ఎత్తి బండిలో ఎన్ని వోల్టులు ఉన్నాయో, బ్యాటరీ ఏ కొస బాడీకి కలిసి ఉందో చూడండి. ఇప్పుడు దొరికే ప్లేయర్లు, ఆంప్లిఫయర్లు దాదాపు అన్నీ 12 వోల్టులకి, నెగటివ్ ఎర్త్‌కి (బ్యాటరీ నెగటివ్ కొస బాడీకి కలిసి ఉండే పద్ధతికి) చేసినవే. ఫోర్డ్ ట్రక్కులేమో 1955 వరకు 6 వోల్టులు, పైగా పాజిటివ్ ఎర్త్, 1956 మోడల్‌తోనే 12 వోల్టులకి మారాయి. షెవ్రొలే 1955లో కొత్త మోడల్ తెచ్చినప్పుడు మారింది. పాత బ్రిటిష్ బండ్లలో 12 వోల్టులు ఉండి కూడా పాజిటివ్ ఎర్త్ ఉన్నవి బోలెడు. అలాంటి బండిలో ఇప్పటి ప్లేయర్ బిగిస్తే, దాని లోహపు పెట్టె బాడీకి తగిలిన క్షణంలోనే షార్ట్ అవుతుంది. మీ బండి మధ్యలో ఎవరైనా మార్పించి ఉండొచ్చు కూడా, కాబట్టి సంవత్సరం చూసి అనుకోవద్దు, మల్టీమీటర్ పెట్టి చూడండి.

తర్వాత చూడాల్సింది బండి ఎంత కరెంటు పుట్టించగలదు అన్నది. పాత డైనమో (ఆల్టర్నేటర్ రాకముందు ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించింది) ఉన్న బండి అయితే మహా అయితే 30-35 ఆంపియర్లు, అదీ ఇంజన్ వేగంగా తిరిగినప్పుడే. ఐడిలింగ్‌లో అది ఇచ్చేది చాలా తక్కువ, హెడ్‌లైట్లు వేస్తే అది చాలక మిగతాది బ్యాటరీ నుంచే పోతుంది. లెక్క చూడండి: 4 చానెళ్లు, ఒక్కోటి 50 వాట్లు, మొత్తం 200 వాట్లు. క్లాస్ డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) ఆంప్లిఫయర్ 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తుందనుకుంటే 13.8 వోల్టుల దగ్గర పూర్తి జోరులో సుమారు 18 ఆంపియర్లు లాగుతుంది. పాట అన్నది ఎప్పుడూ పూర్తి జోరులో ఉండదు కాబట్టి సగటున అందులో మూడో వంతు అనుకోవచ్చు. చిన్న సిస్టం అయితే మంచి డైనమో కూడా రోడ్డు మీద నెట్టుకొస్తుంది, కానీ సబ్‌వూఫర్ కూడా కావాలంటే ఆల్టర్నేటర్ పెట్టించుకోవడమే నయం. ఇంకో మాట, డాడ్జ్ లాంటి పాత ట్రక్కుల్లో చార్జింగ్ కరెంటు మొత్తం డ్యాష్‌బోర్డులోని ఆమీటర్ (కరెంటు ఎంత పోతోందో చూపే మీటరు) గుండానే వెళ్తుంది. పెద్ద ఆల్టర్నేటర్ పెట్టి, ఆంప్లిఫయర్‌ని నేరుగా బ్యాటరీకి కలిపితే ఆ అదనపు కరెంటంతా ఆమీటర్ వెనక ఉన్న పాత కనెక్షన్ల మీద పడి అవి కాలిపోతాయి. అలాంటి బండిలో ముందు ఆటో ఎలక్ట్రీషియన్‌తో ఆమీటర్‌ని తప్పించి వోల్ట్‌మీటర్ పెట్టించండి, ఆడియో సంగతి ఆ తర్వాత.

ఇదంతా సరిగ్గా ఉంటే అసలు విషయానికి వద్దాం. నాకు ఒకటే నియమం: డ్యాష్‌బోర్డుకి, తలుపులకి ఒక్క కోత కూడా పడకూడదు. కొత్త ప్లేయర్ పట్టడం కోసం డ్యాష్‌బోర్డు రేకు కోసేసిన ట్రక్కుని చూస్తే నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది. అరవై ఏళ్లు చెక్కుచెదరకుండా ఉన్న రేకు అది, కోసినదాన్ని మళ్లీ అతికించి, రుద్ది, ఆ రంగు కలపడం ఎంత పనో చేసినవాళ్లకే తెలుసు. పైగా ఇప్పుడు కోయాల్సిన అవసరమే లేదు, ప్లేయర్ మీ కళ్ల ముందు ఉండక్కర్లేదు కదా.

పాత రేడియో ఉన్నచోటే ఉండనివ్వండి, అది పలకకపోయినా సరే. బ్లూటూత్ ఉన్న చిన్న ఆంప్లిఫయర్ గానీ, ముఖం లేని ప్లేయర్ పెట్టె గానీ తీసుకుని గ్లవ్ బాక్స్ వెనకో, సీటు కిందో పెట్టి, వైరుతో వచ్చే చిన్న నాబ్‌ని మాత్రం చేతికి అందేచోట బిగిస్తే చాలు. నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు యాష్‌ట్రే. లోపలి డబ్బా తీసి దాచిపెట్టి, దాని స్థానంలో నాబ్ ఉన్న చిన్న పలక పెడితే, మూత వేస్తే ఏమీ కనపడదు, తీస్తే అన్నీ అందుతాయి. అంతా ఫోన్‌తోనే నడిపించుకుంటాం, నాబ్ ఎందుకు అని కొందరంటారు, నేను ఒప్పుకోను. డ్రైవింగ్‌లో ఉండగా సౌండ్ తగ్గించాల్సి వస్తే కళ్లు రోడ్డు మీద నుంచి తీయకుండా చేతికి తగిలేది ఒకటి ఉండాలి. పెట్టెని బిగించే ముందు, పెట్టాలనుకున్నచోట ఊరికే ఉంచి ఫోన్ జేబులో పెట్టుకుని ఒక పూట పాటలు వినండి, చుట్టూ రేకు ఉన్నచోట బ్లూటూత్ సిగ్నల్ బలహీనపడి తెగిపోతూ ఉంటుంది. అలా జరిగితే నాలుగు అంగుళాలు జరిపి చూడండి. ఇంకో దారి, పాత రేడియోని విప్పి లోపల కొత్త బోర్డు పెట్టించడం, ముఖమూ నాబ్‌లూ పాతవే ఉంటాయి. చూడ్డానికి అది బ్రహ్మాండంగా ఉంటుంది కానీ పని తెలిసినవాళ్లతోనే చేయించాలి.

స్పీకర్లు ఎక్కడ? డ్యాష్‌బోర్డు మధ్యలో పాత గ్రిల్ కింద ఒక్క స్పీకర్ ఉంటుంది, 1967–72 షెవ్రొలే ట్రక్కుల్లో అయితే 4 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల పొడవుతో కోలగా ఉండేది. అదే రంధ్రాలకి సరిపోయే పలక మీద 3.5 అంగుళాల స్పీకర్లు రెండు పెట్టొచ్చు, లేదా రెండు వాయిస్ కాయిల్స్ ఉన్న ఒకే స్పీకర్ పెట్టి ఎడమ, కుడి రెండూ దానికే ఇవ్వొచ్చు. కొనే ముందు లోతు కొలవండి, వెనకాల వైపర్ రాడ్లు, హీటర్ గొట్టాలు ఉంటాయి, మాగ్నెట్ వాటికి తగిలితే వైపర్ వేసినప్పుడల్లా టకటకమంటుంది. కానీ అసలు సంగీతం డ్యాష్‌బోర్డు నుంచి రాదు. పాదాల పక్కన, తలుపుకి ముందు ఉండే పక్క ప్యానెల్స్‌లో 6.5 అంగుళాల స్పీకర్లు పెడితే ఆ సౌండే వేరు. ఈ బండ్లకి సరిపోయేలా స్పీకర్ చోటుతో తయారుచేసిన ప్యానెళ్లు దొరుకుతాయి, పాతవి విప్పి పక్కన పెట్టి ఇవి బిగించుకోవచ్చు, కోత అక్కర్లేదు. రెండు జాగ్రత్తలు: ఆ చోట బయటి గాలి వచ్చే దారి ఉంటే వర్షం నీళ్లు కూడా అక్కడికే వస్తాయి, కాబట్టి నీటికి తట్టుకునే స్పీకర్లే కొనండి, డ్రైవర్ వైపు పార్కింగ్ బ్రేక్ పెడల్ ఉంటే అది పూర్తిగా నొక్కినప్పుడు కూడా స్పీకర్‌కి తగలకుండా చూడండి.

సీటు వెనక ఖాళీ ఉంది కదా అని చూస్తున్నారా? 1967–72 షెవ్రొలే పికప్‌లలో పెట్రోల్ ట్యాంకు అక్కడే, క్యాబిన్ లోపలే ఉంటుంది. దాని దరిదాపుల్లో ఒక్క స్క్రూ కూడా దించకండి, డ్రిల్లు తీయకండి, వైర్లు దాని మీదుగా తీసుకెళ్లకండి. క్యాబిన్‌లో పెట్రోల్ వాసన వస్తుంటే అది పోయేదాకా ఆడియో పని మొదలుపెట్టనే వద్దు.

బేస్ కావాలంటే సీటు కింద పట్టే పలచటి సబ్‌వూఫర్ ఉంది, ఆంప్లిఫయర్ లోపలే ఉంటుంది, 8 అంగుళాలది చాలు, క్యాబిన్ చిన్నది కాబట్టి అదే గట్టిగా వినిపిస్తుంది. ఖాళీ సీటు కింద టేపు పెట్టి కొలిస్తే మాత్రం మోసపోతారు. పాత సీట్ల స్ప్రింగులు మనిషి కూర్చోగానే బాగా కిందికి దిగుతాయి. మెత్తటి బంకమట్టి ముద్ద ఒకటి సీటు కింద పెట్టి, ఇద్దరు పెద్ద మనుషుల్ని కూర్చోబెట్టి లేపండి, ముద్ద ఎంత ఎత్తుకి అణిగిందో అదే మీకున్న చోటు, అందులోంచి ఒక సెంటీమీటరు తీసేసి కొనండి.

ఇక వైరింగ్. ముందు బ్యాటరీ ఎర్త్ వైరు విప్పండి. పాత బండి వైర్ల మీద గుడ్డ తొడుగో, ఎండి పెళుసెక్కిన ప్లాస్టిక్కో ఉంటుంది, ముట్టుకుంటే పొడి రాలుతుంది. వాటి నుంచి ఆడియోకి కరెంటు లాగకండి. బ్యాటరీ నుంచి ఆంప్లిఫయర్‌కి విడిగా 8 గేజ్ వైరు వేయండి, సబ్‌వూఫర్ కూడా ఉంటే 4 గేజ్ (గేజ్ అంకె తగ్గే కొద్దీ వైరు లావు). అసలు రాగి వైరే కొనండి, అల్యూమినియం మీద రాగి పూత వేసినవి అదే గేజ్ అని అమ్ముతారు కానీ అంత కరెంటు మోయలేవు. బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజ్ ఉండాలి. అది ఆంప్లిఫయర్ కోసం కాదు, ఆ వైరు ఎక్కడైనా రేకుకి రాసుకుని షార్ట్ అయితే బండి తగలబడకుండా ఉండటం కోసం, అందుకే బ్యాటరీకి ఎంత దగ్గరుంటే అంత మంచిది. ఫైర్‌వాల్‌లో (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడలో) ఇప్పటికే ఉన్న రంధ్రాన్నే వాడుకోండి, అంచుకి రబ్బరు రింగు తప్పనిసరి. ఇగ్నిషన్ నుంచి తీసుకునే సన్నటి వైరు ఒక రిలేని (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చి) ఆన్ చేయడానికి మాత్రమే, అసలు కరెంటు రిలే గుండా బ్యాటరీ నుంచి రావాలి. ప్లేయర్ వైర్లలో సాధారణంగా పసుపు బ్యాటరీకి, ఎరుపు ఇగ్నిషన్‌కి, నలుపు ఎర్త్‌కి, నీలం మీద తెల్ల గీత ఉన్నది ఆంప్లిఫయర్‌ని ఆన్ చేయడానికి. కరెంటు వైరు క్యాబిన్‌కి ఒక పక్కన పోతే ఆర్‌సీఏ కేబుళ్లు (ప్లేయర్ నుంచి ఆంప్లిఫయర్‌కి పాట తీసుకెళ్లేవి) ఇంకో పక్కన పోవాలి, ఎక్కడైనా ఒకదాన్నొకటి దాటక తప్పకపోతే అడ్డంగా దాటాలి, పక్కపక్కన మాత్రం పోకూడదు.

ఎర్త్ గురించి కాస్త ఎక్కువే చెబుతాను, నేను రెండు రోజులు పోగొట్టుకున్నది ఇక్కడే. అన్నీ బిగించి బండి స్టార్ట్ చేస్తే, ఇంజన్ వేగం పెరిగే కొద్దీ స్పీకర్లలో కూత పెరుగుతోంది. ఆర్‌సీఏ మార్చాను, ఫిల్టర్ పెట్టాను, లాభం లేదు. చివరికి తేలింది ఏంటంటే పాత ట్రక్కుల్లో క్యాబిన్ ఫ్రేమ్ మీద రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది, దానికీ ఫ్రేమ్‌కీ మధ్య కరెంటు పోయే దారి ఒక సన్నటి పట్టీ, అది తుప్పు పట్టి పోయింది. కాబట్టి ముందే ఇంజన్ నుంచి ఫ్రేమ్‌కి, ఫ్రేమ్ నుంచి క్యాబిన్‌కి కొత్త లావుపాటి పట్టీలు వేయండి. ఆడియో ఎర్త్‌లన్నీ ఒకే బోల్టుకి రావాలి, అక్కడ రంగు గీకి మెరిసే రేకు మీద పళ్లున్న వాషర్‌తో బిగించి, తర్వాత తుప్పు రాకుండా పైన రంగు పూయండి. పాట గట్టిగా పెట్టి ఆ బోల్టుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య వోల్టేజ్ చూస్తే 0.1 వోల్టు దరిదాపుల్లో ఉండాలి, అర వోల్టు చూపిస్తే ఎక్కడో కనెక్షన్ బాగా లేనట్టే.

కూత కాకుండా ఇంజన్‌తో పాటు చిటచిటమని వస్తుంటే అది ఇగ్నిషన్ నుంచి. ప్లగ్గులకి రెసిస్టర్ ఉన్న వైర్లు వేయండి, కాయిల్‌కి కరెంటు వచ్చే కొస దగ్గర కెపాసిటర్ పెట్టండి. డైనమో బండిలో అయితే ఆర్మేచర్ కొసకి కెపాసిటర్ పెట్టొచ్చు, ఫీల్డ్ కొసకి మాత్రం ఎప్పుడూ పెట్టకండి, రెగ్యులేటర్ పాయింట్లు కాలిపోతాయి.

స్పీకర్లు ఎంత మంచివైనా క్యాబిన్ రేకు డబ్బాలా మోగుతుంటే ఉపయోగం లేదు. తలుపుల లోపల, వెనక గోడ మీద, పైకప్పు మీద 2 మిల్లీమీటర్ల బ్యూటైల్ షీట్ (రేకు అదురుని ఆపే, అంటుకునే రబ్బరు లాంటి షీట్) అంటించండి. మొత్తం కప్పేయక్కర్లేదు, ప్రతి ప్యానెల్ మధ్య భాగంలో పావు వంతు కప్పినా రేకు మోత చాలావరకు పోతుంది, వేలితో కొట్టి చూస్తే మీకే తెలుస్తుంది. తుప్పు ఉన్నచోట అంటించకండి, ముందు తుప్పు బాగు చేయండి, తలుపు అడుగున నీళ్లు పోయే కన్నాలు మూసేయకండి.

ఆంప్లిఫయర్‌ని సీటు కింద ప్లైవుడ్ చెక్క మీద బిగించి, ఆ చెక్కని సీటు బోల్టులకే కలపండి, చుట్టూ రెండు మూడు సెంటీమీటర్లు గాలి ఆడేలా ఉండాలి, కార్పెట్‌లో చుట్టి దాచేస్తే వేడెక్కి దానంతట అదే ఆగిపోతుంది. దాచేటప్పుడు ఫ్యూజులు మాత్రం సీటు విప్పకుండా చేతికి అందాలి. ప్రతి వైరుకీ రెండు కొసల్లో పేరు రాసి అంటించి, కప్పేసే ముందు ఫోటోలు తీసుకోండి.

ఆంప్లిఫయర్ మీద ఉండే గెయిన్‌ని (వచ్చిన సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే నాబ్) చెవితో సెట్ చేయకండి. స్పీకర్ వైర్లు విప్పి, ప్లేయర్ సౌండ్ ముప్పావు వంతు పెట్టి, ఈక్వలైజర్ అంతా సున్నా చేసి, 1000 హెర్ట్జ్ టోన్ ప్లే చేయండి. వాట్లని ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే రావాల్సిన వోల్టేజ్ వస్తుంది, 50 వాట్లు, 4 ఓమ్‌లు అయితే సుమారు 14 వోల్టులు. మల్టీమీటర్‌ని ఏసీలో పెట్టి అంతవరకు గెయిన్ తిప్పి వదిలేయండి. ఆంప్లిఫయర్‌లోని ఫిల్టర్‌తో పక్క ప్యానెల్ స్పీకర్లకి 80 హెర్ట్జ్ కింది సౌండ్‌ని, డ్యాష్‌బోర్డులోని చిన్నవాటికి 150 కిందిదాన్ని ఆపేయండి, ఆ బేస్ వాటి పని కాదు.

చివరగా, అన్నీ ఆపేసి బ్యాటరీ ఎర్త్ వైరు విప్పి, దానికీ బ్యాటరీకీ మధ్య మీటర్‌ని పెట్టి చూడండి, బ్యాటరీ నుంచి ఊరికే పోయే కరెంటు 50 మిల్లీఆంపియర్లు దాటకూడదు. మీటర్ అలా ఉండగా బండి స్టార్ట్ చేయకండి. తర్వాత ఒక బేస్ పాట పెట్టి గతుకుల రోడ్డు మీద తిప్పండి. ఎక్కడో గ్లవ్ బాక్స్ తలుపు, సన్ వైజర్, యాష్‌ట్రే మూత గలగలలాడతాయి. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని ఒక్కొక్కదాన్నీ వేలితో నొక్కమనండి, మోత ఎక్కడ ఆగితే అక్కడ చిన్న ఫెల్ట్ ముక్క అంటించేయండి.