కొత్త ట్రైకోగ్రామా జాతి దొరికిందా? గుడ్డు ఏరడం నుంచి పేరు పెట్టే దాకా

వరి కాండం తొలుచు పురుగుకీ చెరకు పీక పురుగుకీ పొలంలో కట్టే ట్రైకోకార్డులు (పరాన్నజీవి సోకిన గుడ్లు అంటించిన అట్టముక్కలు) మన రైతులకు కొత్త కాదు. వాటిలోంచి వచ్చే, వేరే పురుగుల గుడ్లలో తమ గుడ్లు పెట్టే అర మిల్లీమీటరు కందిరీగల ప్రజాతే ట్రైకోగ్రామా. ఇప్పటికే 200కి పైగా జాతులున్నాయి కాబట్టి, దొరికిందల్లా కొత్తదే అనుకోకూడదు. ఇంకో మాట ముందే చెప్పాలి. ఈ ప్రజాతిలో జాతుల తేడా ప్రధానంగా తెలిసేది మగ పురుగు జననాంగంలోనే. ఆడవి వంద ఉన్నా మగది లేకపోతే వర్ణన మొదలుపెట్టకండి.

పురుగుల్ని ఆకర్షించి పట్టే పసుపు పళ్లేల్లో పడ్డ కందిరీగ ఏ పురుగు గుడ్డులోంచి వచ్చిందో తెలియదు. అందుకే ఆకుల మీద గుడ్లు ఏరడమే మంచిది. ఒక్కో గుడ్ల ముద్దను ఒక్కో గాజు గొట్టంలో వేసి దూదితో గట్టిగా బిరడా పెట్టండి. పలచటి గుడ్డ కడితే సందుల్లోంచి దూరిపోతాయి. పరాన్నజీవి సోకిన గుడ్లు మూడు నాలుగు రోజుల్లో నల్లబడతాయి. వెచ్చటి వాతావరణంలో ఎనిమిది, పది రోజులకు కందిరీగలు బయటికొస్తాయి. కాండం తొలుచు పురుగు గుడ్ల ముద్ద నుంచి టెలినోమస్, టెట్రాస్టికస్ అనే వేరే పరాన్నజీవి కందిరీగలు కూడా రావచ్చు. పాదంలో మూడే కణుపులుంటే అది ట్రైకోగ్రామా కుటుంబానిది. టెట్రాస్టికస్‌కు నాలుగు, టెలినోమస్‌కు అయిదు ఉంటాయి. ఆ చుట్టుపక్కల ఎవరైనా కార్డులు కట్టారేమో కూడా అడగండి. కట్టి ఉంటే మీ కొత్త జాతి ఏదో ప్రయోగశాల పెంపకానిదే కావచ్చు.

అన్నీ ఆడవే వస్తున్నాయంటే వోల్బాకియా బాక్టీరియాను అనుమానించాలి. అది సోకిన తల్లి, మగదానితో పని లేకుండానే ఆడపిల్లల్ని కంటుంది. తేనెలో టెట్రాసైక్లిన్ కలిపి తల్లులకు పెడితే తర్వాతి తరాల్లో మగవి కనిపిస్తాయి.

పురుగుల్ని 95 శాతం ఇథనాల్‌లో వేసి ఫ్రీజర్‌లో ఉంచండి. సీసా లోపలి చీటీ పెన్సిల్‌తో రాయాలి, బాల్‌పెన్ సిరా ఇథనాల్‌లో కరిగిపోతుంది.

ఇక స్లైడు. పురుగును 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో గది వేడిమి దగ్గర ఒక రాత్రి ఉంచి, పొద్దున్నుంచి గంటకోసారి చూస్తూ ఉండండి. ఒళ్లు పారదర్శకం కాగానే తీసేయాలి. ఆలస్యమైతే కేశాలు రాలిపోతాయి, జననాంగం గాజుముక్కలా మారి గీతలేవీ కనపడవు. తర్వాత కొద్ది నిమిషాలు ఎసిటిక్ ఆమ్లంలో, ఆపైన డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, 70, 95, 100 శాతం ఇథనాల్‌లో వరసగా పదేసి నిమిషాలు ఉంచండి. చివర్లో లవంగనూనెలో అరగంట. స్లైడు మీద కెనడా బాల్సమ్ (పారదర్శకమైన చెట్టు జిగురు) చిన్న బొట్టు వేసి, పురుగును సన్నటి సూదితో తిన్నగా పడుకోబెట్టి, రెక్కలు విప్పి సర్దండి. ఒక పక్కకి ఒరిగితే జననాంగం కొలతలన్నీ తప్పుతాయి. కవర్‌స్లిప్ నేరుగా వేస్తే బరువుకు నలిగి వెడల్పవుతుంది, కాబట్టి పక్కన పగిలిన కవర్‌స్లిప్ ముక్కలు ఆసరాగా పెట్టండి. బాల్సమ్ పాలలా తెల్లబడిందంటే ఇథనాల్ దశలో నీరు పూర్తిగా పోలేదన్నమాట. బొట్టు మందమైతే 100 రెట్ల ఆయిల్ లెన్సు దగ్గరికి రాదు. బాల్సమ్ బదులు వాడే హాయర్ ద్రవంలో పని సులువే కానీ, ఏళ్లు గడిచేకొద్దీ పగుళ్లిస్తుంది, హోలోటైప్‌కు (కొత్త పేరుకు ఆధారంగా నిలిచే ఒకే ఒక్క నమూనాకు) వాడొద్దు.

డీఎన్ఏ కావాలంటే ఈ పనికి ముందే, పురుగును కోయకుండా ప్రొటినేజ్ కె అనే ఎంజైము ద్రవంలో 56 డిగ్రీల దగ్గర ఉంచి తీయవచ్చు, ఒళ్లు స్లైడుకు మిగులుతుంది. జాతిని గుర్తించడానికి ఈ ప్రజాతిలో డీఎన్ఏలోని ఐటీఎస్2 అనే భాగం నమ్మదగింది. జంతువులకు మామూలుగా వాడే సీఓఐ అనే జన్యువు బార్‌కోడ్‌ను వోల్బాకియా తప్పుదోవ పట్టిస్తుంది.

కొలతల్లో నిష్పత్తులే ముఖ్యం: వెనక కాలి టిబియాతో (తొడ కింది కణుపుతో) పోల్చి ఈడియాగస్ (మగ జననాంగంలోని గొట్టం) పొడవు, స్పర్శశృంగం (తల మీది మీసం) వెడల్పుతో పోల్చి దాని పొడవాటి కేశం. వీలైనంతవరకు పది మగవాటిని కొలవండి. రంగును నమ్మకండి, పురుగు ఎంత వేడిమిలో పెరిగిందో దాన్ని బట్టి మారుతుంది. శరీర పరిమాణం కూడా గుడ్డు పరిమాణాన్ని బట్టి పెరిగి తగ్గుతుంది. చూపుకు ఒకేలా ఉన్నవాటిని విడివిడి జాతులుగా తేల్చిన ఉదాహరణలూ ఉన్నాయి. 1975లో ట్రైకోగ్రామా ప్లాట్నెరిని మినుటమ్ నుంచి విడదీసింది, రెండూ కలిసి సంతానం ఇవ్వకపోవడం వల్లే. కాబట్టి సందేహముంటే రెండింటినీ జతకట్టించి చూసే సంకర పరీక్ష చేయండి.

వర్ణనలో 'దగ్గరి జాతికి దీనికీ తేడా ఇది' అని స్పష్టంగా రాయాలి. అది లేకుండా అచ్చయిన పేరు జంతువుల పేర్ల అంతర్జాతీయ నియమావళి ప్రకారం చెల్లదు. 1999 తర్వాతి వర్ణనల్లో హోలోటైప్ ఏదో, ఎక్కడ భద్రపరిచారో కూడా చెప్పాలి. మగదాన్నే హోలోటైప్ చేయండి. పత్రిక ఆన్‌లైన్‌లోనే వెలువడేదైతే ప్రచురణను ముందు జూబ్యాంక్ అనే జంతువుల పేర్ల ఆన్‌లైన్ పట్టికలో నమోదు చేసి, ఆ సంగతి వ్యాసంలోనే చూపాలి.

పేరు దగ్గర చాలామంది జారిపడతారు. గ్రీకులో 'గ్రామా' నపుంసకలింగం, జాతి పేరులోని విశేషణమూ అదే లింగంలో ఉండాలి. అందుకే జపోనికా కాదు, జపోనికమ్. ఊరి పేరుతో విశేషణం చేస్తే 'తెలంగానెన్సిస్' తప్పు, 'తెలంగానెన్సె' రాయాలి. మగ మనిషి గౌరవార్థం చివర 'ఇ', స్త్రీకయితే 'ఏ'. మీ సొంత పేరు పెట్టుకోవడాన్ని నియమావళి నిషేధించలేదు గానీ, చూసేవాళ్లు నవ్వుతారు.

2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం, మన దేశంలో కొత్త జాతిని కనుగొన్నవాళ్లు నిర్దేశిత భాండాగారానికి తెలియజేసి నమూనాలు అప్పగించాలి. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ (ఎన్‌బీఏఐఆర్), కోల్‌కతాలోని జువలాజికల్ సర్వే అలాంటివే. బాల్సమ్ ఆరడానికి వారాలు పడుతుంది, అప్పటిదాకా స్లైడును పడుకోబెట్టే ఉంచండి. నిలబెడితే పురుగు అంచుకు జారిపోతుంది. పారాటైప్‌లను (హోలోటైప్‌తో పాటు వర్ణనలో చూపిన మిగతా నమూనాలను) పోస్టులో పంపినా, హోలోటైప్‌ను మాత్రం చేత్తో తీసుకెళ్లి ఇవ్వడమే మేలు.