ఎడిన్‌బరాలో దిగిన మొదటి వారమే వాకింగ్ టూర్‌కి వెళ్లండి

చదువు కోసం స్కాట్లాండ్ రాజధానికి వస్తున్నారా, అయితే ముందు ఊరి పేరు సంగతి చూద్దాం. ఎడిన్‌బర్గ్ కాదండీ, ఎడిన్‌బరా. ఆ చివరి 'బరా'ని కూడా ఇక్కడివాళ్లు సగం మింగేసి 'ఎడిన్‌బ్ర' అంటారు. నేను వీసా ఇంటర్వ్యూ ప్రాక్టీస్ నుంచి ఎయిర్‌పోర్ట్ ట్యాక్సీ దాకా బర్గ్ బర్గ్ అనుకుంటూనే వచ్చాను, ఒక్కరూ సరిచేయలేదు, మర్యాదస్తులు. అలాగే బోర్డు మీద 'కాక్‌బర్న్ స్ట్రీట్' అన్నట్టు కనిపించేది నోటికొచ్చేసరికి 'కోబర్న్ స్ట్రీట్'. పాత ఊళ్లో సందుల పేర్ల చివర ఉండే క్లోస్ అనే మాటని 'క్లోజ్ చేయి' అన్నట్టు పలకకండి, 'దగ్గర' అనే అర్థంలో వాడే క్లోస్ లాగా పలకాలి.

ఇక అసలు విషయం. మనవాళ్లలో చాలామంది చేసే పని ఏంటంటే, ఊరు చూడటాన్ని అమ్మానాన్నలు వచ్చేదాకా వాయిదా వేస్తారు. 'ఎలాగూ ఇక్కడే ఉంటాం కదా, తర్వాత చూద్దాంలే.' నేనూ అంతే. సెప్టెంబర్‌లో వచ్చి, మళ్లీ మే నెలలో నాన్నగారు వచ్చినప్పుడు ఆయనతో పాటు మొదటిసారి గైడ్ వెనకాల నడిచాను. రెండు గంటల్లో ఆ అమ్మాయి చెప్పినవాటిలో సగం నాకు సెప్టెంబర్‌లోనే తెలిసుంటే ఎన్ని తిప్పలు తప్పేవో.

ఒక్క తిప్ప చెప్తాను. వచ్చిన రెండో వారం, పార్ట్‌టైమ్ పని కోసం ఒక రెస్టారెంట్ వాళ్లు మధ్యాహ్నం మూడింటికి రమ్మన్నారు. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని వెళ్లాను, 'మీరు చేరుకున్నారు' అంది. చుట్టూ చూస్తే రెస్టారెంట్ లేదు. రోడ్డు అవతలకి వెళ్లాను, ఇవతలకి వచ్చాను, పావుగంట అక్కడక్కడే గానుగెద్దులా తిరిగాను. చివరికి పిట్టగోడ మీంచి కిందకి తొంగి చూస్తే నా కాళ్ల కింద ఇంకో వీధి ఉంది, అందులో మనుషులు తిరుగుతున్నారు, ఆ రెస్టారెంట్ బోర్డు కూడా కనిపిస్తోంది! నేను నిలబడింది జార్జ్ ద ఫోర్త్ బ్రిడ్జ్ మీద, వాళ్లున్నది కింద కౌగేట్‌లో. మెట్లు వెతుక్కుని దిగేసరికి మూడూ ఇరవై. ఆ ఉద్యోగం రాలేదు, వేరే చెప్పాలా.

అంటే ఈ ఊరికి రెండు అంతస్తులు ఉన్నాయి. మ్యాప్‌లో రెండు రోడ్లు కలిసినట్టు కనిపిస్తాయి, నిజానికి ఒకటి ఇంకోదాని నెత్తిమీద నుంచి పోతుంటుంది. ఇది టూర్‌లో గైడ్ చెప్పే మొదటి విషయాల్లో ఒకటి. ఎప్పుడో ముప్పై నాలుగు కోట్ల ఏళ్ల కిందటి అగ్నిపర్వతం తాలూకు గట్టి రాయి మీద కోట ఉంది. తర్వాత మంచు పలకలు పడమర నుంచి తూర్పుకి కదిలినప్పుడు ఆ రాయి అడ్డంపడింది, దాని వెనకాల మట్టీ రాయీ తోకలాగా వాలుగా మిగిలిపోయింది. ఆ తోక వెన్ను మీద వేసిన వీధే రాయల్ మైల్, పైన కోట, కింద హాలీరూడ్ ప్యాలెస్, మధ్యలో సుమారు 1.8 కిలోమీటర్లు. ఆ వెన్నుకి రెండు పక్కలా లోయలే కాబట్టి వాటి మీద వంతెనలు కట్టుకుంటూ పోయారు. 1788లో తెరిచిన సౌత్ బ్రిడ్జ్‌కి పంతొమ్మిది ఆర్చీలు ఉన్నాయంటే నమ్మరు, ఎందుకంటే మీరు రోజూ బస్సులో దాని మీంచి వెళ్తున్నా అది వంతెన అనే అనిపించదు. రెండు పక్కలా బిల్డింగులు కట్టేసి ఒక్క ఆర్చీ తప్ప అన్నీ మూసేశారు. ఆ మూసేసిన ఆర్చీల లోపలి గదుల్లోనే ఇప్పుడు దయ్యాల టూర్లు జరుగుతుంటాయి.

రెండో కారణం యాస. ఐఎల్ట్స్‌లో ఏడున్నర తెచ్చుకుని వచ్చినా మొదటి రోజు బస్ డ్రైవర్ అన్నది అర్థం కాదు, టెన్షన్ పడకండి, అందరికీ అంతే. టూర్ గైడ్‌లు పది దేశాలవాళ్లతో మాట్లాడటం అలవాటైనవాళ్లు కాబట్టి కాస్త నిదానంగా, స్పష్టంగా చెప్తారు, అదే సమయంలో స్కాటిష్ మాటలు మధ్యమధ్యలో విసురుతుంటారు. 'వీ' అంటే చిన్నది, 'ఆయ్' అంటే అవును, 'కిర్క్' అంటే చర్చి, 'డ్రీఖ్' అంటే ముసురు పట్టి దిగాలుగా ఉన్న రోజు, 'హార్' అంటే సముద్రం మీంచి వచ్చి ఊరిని కమ్మేసే పొగమంచు. చివరి రెండూ మీకు వారంలోపే పనికొస్తాయి. గైడ్‌కి దగ్గరగా ముందు వరసలో నిలబడండి. అర్థం కాకపోతే అడగండి, మన లెక్చరర్‌ని అడగడం కంటే ఇది చాలా తేలిక.

ఇప్పుడు డబ్బుల సంగతి. 'ఫ్రీ వాకింగ్ టూర్' అని రాసి ఉంటుంది. బుక్ చేసుకోవడం ఫ్రీ, చివర్లో మీకు తోచింది ఇస్తారు. అది నిజంగా ఫ్రీ అనుకుని చివరి పది నిమిషాల్లో మెల్లగా జారుకునే మనవాళ్లని నా కళ్లతో చూశాను, దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ఆ గైడ్‌లలో చాలామందికి ఆ టిప్పే సంపాదన, వానలో నిలబడి గొంతు చించుకుంటారు. స్టూడెంట్ అయితే ఐదు పౌండ్లు ఇచ్చినా ఎవరూ ఏమీ అనుకోరు, నచ్చితే పది ఇవ్వండి. రూపాయల్లోకి మార్చుకుని గుండెలు బాదుకుంటే ఈ దేశంలో టీ కూడా తాగలేం. బుక్ చేసి వెళ్లలేకపోతే క్యాన్సిల్ చేయండి, పది మంది వస్తారని ఎదురుచూసే మనిషి అక్కడ ఉంటారు. ఇంకోటి, ఎనిమిది మంది రూమ్మేట్లు కలిసి వెళ్లి వెనకాల నిలబడి తెలుగులో కబుర్లు చెప్పుకోకండి. ఇద్దరు వెళ్తే చాలు. పక్కవాళ్లతో పరిచయాలు కూడా అవుతాయి. చేతిలో క్యాష్ ఉంచుకోండి, ఏటీఎంలో స్కాట్లాండ్ బ్యాంకుల నోట్లు వస్తే దొంగనోట్లేమో అని కంగారుపడకండి, ఇక్కడ మూడు బ్యాంకులు సొంత నోట్లు అచ్చేస్తాయి. లండన్ వెళ్లేలోపు వాటిని ఇక్కడే ఖర్చుపెట్టేస్తే మంచిది, అక్కడి చిన్న షాపులవాళ్లు కొందరు తిప్పి తిప్పి చూస్తారు.

బస్సులో వెళ్తే డ్రైవర్ చిల్లర ఇవ్వరు, కార్డు ట్యాప్ చేయడమే సుఖం. మీకు ఇరవై రెండేళ్లు నిండకపోతే, ఇక్కడ అడ్రస్ ఉంటే, ఉచిత బస్సు కార్డుకి వెంటనే అప్లై చేయండి.

బట్టలూ చెప్పులూ. ఇండియా నుంచి కొత్తగా కొన్న తెల్ల స్నీకర్స్ వద్దు. రాయల్ మైల్ అంతా రాతి దిమ్మెలు పరిచిన రోడ్డు, తడిస్తే జారుతుంది. గొడుగు తెచ్చుకోకండి, గాలికి రెండు నిమిషాల్లో తామరాకులా వెనక్కి తిరుగుతుంది. టోపీ ఉన్న వాన జాకెట్ ఒకటి కొనండి, నాలుగేళ్లు వస్తుంది. డిసెంబర్‌లో అయితే నాలుగు కొట్టకముందే చీకటి పడిపోతుంది కాబట్టి పొద్దున టూరే తీసుకోండి. ఆగస్టులో వచ్చినవాళ్లకి ఇంకో మాట: 1947లో మొదలైన ఫ్రింజ్ అనే నాటకాల, ఆటపాటల పండగ అప్పుడే, రాయల్ మైల్ మీద మన జాతర కిక్కిరిసినట్టే ఉంటుంది, గైడ్ మాట వినబడదు. సెప్టెంబర్ దాకా ఆగినా తప్పులేదు.

చాలా టూర్లు సెయింట్ జైల్స్ చర్చి దగ్గర, మెర్కాట్ క్రాస్ అనే రాతి కట్టడం పక్కన మొదలవుతాయి. ఆ చర్చి పడమటి తలుపు దగ్గర నేల మీద రాళ్లతో గుండె ఆకారం ఉంటుంది, హార్ట్ ఆఫ్ మిడ్‌లోథియన్ అంటారు. పాత జైలు ఉన్న చోటది, 1817లో పడగొట్టారు. దాని మీద ఉమ్మడం ఇక్కడి ఆచారం! చిన్నప్పటి నుంచి రోడ్డు మీద ఉమ్మకురా అని వీపు మీద ఒకటి పడిన మనకి, సూటు వేసుకున్న పెద్దమనిషి ఆగి గుండె మధ్యలో ఉమ్మి పోవడం చూస్తే మతి పోతుంది. మీరు ఉమ్మక్కర్లేదు గానీ ఫోటో కోసం దాని మీద కూర్చోకండి, అంతే.

ఎదురుగా కాస్త పైకి వెళ్తే తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ విగ్రహం, గ్రీకుల్లాగా ఒంటికి గుడ్డ చుట్టుకుని కూర్చుంటాడు, కాలి బొటనవేలు మాత్రం బంగారంలా మెరుస్తుంటుంది. పరీక్షల ముందు స్టూడెంట్లు రుద్దిపోతారు. మహిమల్ని నమ్మొద్దని జీవితమంతా రాసిన మనిషి కాలివేలికి ఆ మొక్కులేంటో గానీ, డిసర్టేషన్ ఇచ్చే ముందు రోజు నేనూ రుద్దాను, పాసయ్యాను. అదే హుషారులో గ్రేఫ్రయర్స్ చర్చి దగ్గర బాబీ అనే కుక్కబొమ్మ ముక్కు రుద్దబోతే, బస్సు కోసం నిలబడిన ఒక ముసలావిడ 'వద్దు బాబూ' అన్నట్టుగా గట్టిగానే మందలించింది. ఆ ముక్కు రుద్దడం పాత ఆచారమేమీ కాదు, టూరిస్టులు మొదలుపెట్టింది, బొమ్మ అరిగిపోతోందని ఊరివాళ్లకి మంట. 1858లో చనిపోయిన యజమాని సమాధి దగ్గరే పద్నాలుగేళ్లు ఉండి 1872లో పోయిందని చెప్పే కుక్క అది. కథలో ఎంత నిజముందో అని చరిత్రకారులు తగువులాడుకుంటారు, ఆ తగువు మాత్రం ఆవిడ ముందు ఎత్తకండి.

అక్కడి శ్మశానంలో రెండు సమాధుల మీద ఇనుప పంజరాలు కనిపిస్తాయి. శవాల దొంగల భయానికి పెట్టినవి. ఇక్కడి వైద్య విద్యకి అప్పట్లో పెద్ద పేరు, కోసి నేర్చుకోవడానికి శవాలు చాలవు, దాంతో రాత్రిపూట తవ్వి అమ్మేవాళ్లు తయారయ్యారు. బర్క్, హేర్ అని ఇద్దరు ఆ తవ్వే శ్రమ కూడా ఎందుకని 1828లో పదహారు మందిని చంపి డాక్టర్ రాబర్ట్ నాక్స్‌కి అమ్మేశారు. హేర్ అప్రూవర్‌గా మారి బయటపడ్డాడు, బర్క్‌ని 1829 జనవరిలో ఉరితీసి, అతని శవాన్నీ విద్యార్థుల ముందే కోశారు. అతని ఎముకల గూడు ఇప్పటికీ యూనివర్సిటీ దగ్గరే ఉంది. ఈ కథ గైడ్ నోట వినాల్సిందే, నేను చెప్పడం దండగ. అది పూర్తయ్యాక పక్కనే నేషనల్ మ్యూజియం ఉంది, లోపలికి ఫ్రీ, బాత్రూమ్‌లు శుభ్రం, హీటర్ ఉంటుంది.

పాత ఊళ్లో పదికి పైగా అంతస్తుల ఇళ్లు ఎప్పుడో మూడు వందల ఏళ్ల కిందటే ఉండేవి, ఎందుకంటే 1513లో ఫ్లాడెన్ యుద్ధంలో ఓడిపోయాక ఇంగ్లిషువాళ్లు వస్తారన్న భయంతో గోడ కట్టుకున్నారు, గోడ లోపల జాగా లేక ఇళ్లు పైకి పెరిగాయి. కలిగినవాళ్లు మధ్య అంతస్తుల్లో, లేనివాళ్లు అట్టడుగునా అటక మీదా. కిటికీలోంచి 'గార్డీలూ' అని అరిచి కుండలోది కిందకి పోసేవాళ్లు. కంపు భరించలేక ఉత్తరాన చెరువు ఎండగట్టి, 1767లో జేమ్స్ క్రెయిగ్ అనే ఆర్కిటెక్ట్ ప్లాన్‌తో న్యూ టౌన్ మొదలుపెట్టారు. ఆ చెరువు ఉన్న చోటే ఇప్పుడు మీరు శాండ్‌విచ్ తినే ప్రిన్సెస్ స్ట్రీట్ గార్డెన్స్. రూము వెతుక్కునేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి: పాత బిల్డింగుల్లో చాలావాటికి లిఫ్ట్ ఉండదు, 'టాప్ ఫ్లోర్, మంచి వ్యూ' అని ప్రకటనలో ఉంటే ముప్పై కేజీల సూట్‌కేసు మీ భుజం మీదే ఎక్కాలి.

గైడ్ చెప్పనివి రెండు నేను చెప్తాను. న్యూ టౌన్‌లో సెయింట్ ఆండ్రూ స్క్వేర్ మధ్యలో ఆకాశాన్నంటే స్తంభం మీద ఒకాయన ఉంటాడు, అప్పటి బ్రిటిష్ మంత్రి హెన్రీ డండాస్. బానిస వ్యాపారం రద్దుని ఆలస్యం చేశాడని ఆయన మీద గొడవ జరుగుతోంది, అది గైడ్ చెప్తారు. కానీ 1800లో నిజాం మన రాయలసీమని, అంటే దత్త మండలాల్ని, ఈస్టిండియా కంపెనీకి అప్పగించినప్పుడు కంపెనీ మీద అజమాయిషీ చేసే బోర్డుకి అధ్యక్షుడు ఈయనే. అక్కడికి కలెక్టర్‌గా వచ్చిన థామస్ మన్రో పక్కనున్న గ్లాస్గోలో పుట్టినవాడు. మాది కర్నూలు జిల్లా, మన్రో కలరా వచ్చి చనిపోయిన పత్తికొండ మాకు దగ్గరే. నాన్నగారు ఆ స్తంభం కింద నిలబడి చాలాసేపు పైకే చూశారు, మెడ పట్టేసింది. రెండోది, సరోజినీ నాయుడి నాన్నగారు, హైదరాబాద్ నిజాం కాలేజీకి పునాది వేసిన అఘోరనాథ్ చటోపాధ్యాయ ఇక్కడి యూనివర్సిటీలోనే డాక్టరేట్ తీసుకున్నారు. ఫైనాన్స్ క్లాసులో వెనకబెంచీలో నిద్రొస్తే ఆయన్ని తలుచుకోండి.

తిండి గురించి ఒక్క ముక్క. హాగిస్ అంటే గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు తరిగి, ఓట్స్, ఉల్లిపాయలు, మిరియాలు వేసి వండేది. బోటీ తినేవాళ్లకి ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు, కారం తక్కువ, అంతే. శాకాహారులకి పప్పులతో చేసిన హాగిస్ చాలాచోట్ల దొరుకుతుంది, నాన్నగారు అదే తిని 'పెసరట్టులో ఉప్మా మిగిలినట్టుంది' అన్నారు.

ఆదివారం కాకుండా వేరే రోజు వెళ్తే సరిగ్గా ఒంటిగంటకి కోట మీంచి ఫిరంగి పేలుతుంది, 1861 నుంచి ఇదే తంతు, ఓడలవాళ్లు టైమ్ సరిచూసుకోవడానికి పెట్టింది. ముందే చెప్తున్నాను కాబట్టి ఫోన్ జారవిడుచుకోకండి. పన్నెండింటికి పేలిస్తే పన్నెండు గుళ్లు ఖర్చని ఒంటిగంటకి పెట్టుకున్నారని గైడ్‌లు తమ పిసినారితనం మీద తామే జోకు వేస్తారు, నవ్వండి. టూర్ అయ్యాక వేవర్లీ స్టేషన్‌కి దిగేటప్పుడు బాల్మోరల్ హోటల్ గడియారం చూసి రైలు పోయిందని పరిగెత్తకండి, ప్రయాణికులు ఆలస్యం కాకూడదని దాన్ని మూడు నిమిషాలు ముందుకి పెట్టి ఉంచుతారు. డిసెంబర్ 31 రాత్రి ఒక్కరోజే అది సరైన టైమ్ చూపిస్తుంది, ఆ రోజు మాత్రం పరిగెత్తాల్సిందే.