డబ్బా మాకరోనీ చీజ్: పాలను తిట్టే ముందు చిల్లుల గిన్నె చూడండి

డబ్బాలోని మాకరోనీ పాస్తా ఉడికించి వార్చి, అందులోనే వచ్చే చీజ్ పొడి పొట్లాన్ని పాలూ వెన్నతో కలిపేయడమే కదా, డబ్బా మాకరోనీ చీజ్ చెడగొట్టడం ఎవరివల్లా కాదంటారు. నేను చాలా రకాలుగా చెడగొట్టాను. ఇతరులు చెడగొట్టినవి అంతకన్నా ఎక్కువే బాగుచేశాను. పాలు లేవు, వెన్న అయిపోయింది, వాటికి బదులు ఏం వేయాలి అని అడిగేవాళ్లకు సమాధానం సులువు. ఇది మాత్రం చేతికి దొరికింది వేసేసి, గిన్నెలోకి చూసి నీరుగారిపోయినవాళ్ల కోసం.

డబ్బా లెక్క ఒకసారి గుర్తుచేసుకుందాం. మామూలు డబ్బా 200 గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. దానికి పావు కప్పు పాలు, అంటే 60 మి.లీ., నాలుగు టేబుల్ స్పూన్ల వెన్న పడతాయి. మీ డబ్బా వెనక వేరే కొలత ఉంటే దాన్నే పట్టుకోండి. పాస్తా ఉడికించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

సమస్య: సాస్ నీళ్లలా ఉంది, గిన్నె అడుగున మడుగు కట్టింది

నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇదే. దానికి తోకలా వచ్చే మాట కూడా ఎప్పుడూ ఒకటే: "పాలు లేక నీళ్లు పోశాను, అందుకే ఇలా అయింది."

కాదు. లెక్క చూడండి. పాలలో దాదాపు 87 శాతం నీళ్లే. 60 మి.లీ. పాలలో 52 మి.లీ. నీళ్లు ఎలాగూ ఉన్నాయి. పాల బదులు నీళ్లు పోస్తే మీరు కొత్తగా చేర్చింది ఎనిమిది మి.లీ., రెండు టీ స్పూన్లకు తక్కువ. రుచి చప్పబడుతుంది, నిజమే. కానీ ఆ రెండు టీ స్పూన్లతో అడుగున మడుగు కట్టదు. ఆ నీళ్లు ఇంకెక్కడినుంచో వచ్చాయి.

ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు నాలుగు డబ్బాలు పట్టాయి. మొదటిసారి పాలు లేక నీళ్లు పోశాను, రసంలా అయింది. తప్పు నీళ్లదే అనుకుని రెండోసారి ఎవాపరేటెడ్ పాలు పోశాను. సగానికి పైగా నీరు తీసేసిన పాలు కాబట్టి చిక్కగా రావాలి. రాలేదు. మూడోసారి క్రీమ్ పోశాను, అదీ జారిపోయింది. నాలుగోసారి బుద్ధిగా డబ్బా మీద రాసినట్టే మామూలు పాలు, మామూలు వెన్న వేశాను. అయినా పలచనే. బదులు వేసిన వస్తువే లేనప్పుడు నెపం దేని మీద వేయాలి? విసుగొచ్చి, చిల్లుల గిన్నెలో మిగిలిపోయిన మాకరోనీ ముక్క ఒకటి వేళ్ల మధ్య పట్టుకుని నొక్కాను. ఒక చివరినుంచి నీటి బొట్టు జారి మణికట్టు దాకా పాకింది. రెండో ముక్క నొక్కాను, మళ్లీ బొట్టు.

అసలు దొంగ అదే. ఈ మాకరోనీ వంకర గొట్టం. చిల్లుల గిన్నెలో పోసి ఒక్కసారి ఊపితే పైనున్న నీళ్లు కారిపోతాయి, గొట్టంలోవి పోవు. వంపు కింది వైపుకు తిరిగి పడ్డ ప్రతి ముక్కా ఒక చిన్న దొన్నె. ఎంత మిగులుతోందో చూద్దామని తర్వాతిసారి ఎప్పటిలాగే వార్చి, చిల్లుల గిన్నెను పళ్లెం మీద పెట్టి, పాస్తాను గరిటెతో రెండుసార్లు తిరగేసి, గిన్నె అంచు మీద చేత్తో తట్టాను. పళ్లెంలో పడ్డ నీళ్లు కొలిస్తే రెండున్నర టేబుల్ స్పూన్లు. అంటే 37 మి.లీ. పైనే. పోయాల్సిన పాలే 60 మి.లీ. అయిన చోట అది చిన్న లెక్క కాదు.

దీనికి తోడు వెన్న. డబ్బా కోరేది వెన్న, చాలా ఇళ్లలో ఉండేది బ్రెడ్డుకు పూసుకునే తక్కువ కొవ్వు స్ప్రెడ్. వెన్నలో 80 శాతం కొవ్వు, 16 శాతం దాకా నీరు. నాలుగు టేబుల్ స్పూన్ల వెన్నతో తొమ్మిది గ్రాముల నీళ్లు గిన్నెలోకి వస్తాయి. 40 శాతం కొవ్వు ఉన్న స్ప్రెడ్ అంతే వేస్తే వచ్చేవి 30 గ్రాముల పైమాటే. ఇప్పుడు కూడండి. డబ్బావాళ్లు అనుకున్న నీళ్లు 60 మి.లీ. చిల్లర. మీ గిన్నెలో ఉన్నవి పాల బదులు పోసినవి 60, స్ప్రెడ్‌లోవి 30, గొట్టాల్లోవి 37. రెండింతలు. చీజ్ పొడి మాత్రం అదే పొట్లం. ఐస్ కట్టిన బఠానీలో, డబ్బాలోంచి తీసి సరిగ్గా పిండని ట్యూనా చేపో కూడా కలిపి ఉంటే ఇంకేం చెప్పను.

పరిష్కారం: వార్చాక చిల్లుల గిన్నెను పైకీ కిందికీ కాకుండా పక్కలకు కుదపండి, ముక్కలు దొర్లాలి. ఒకసారి గరిటెతో తిరగేసి మళ్లీ కుదపండి. తర్వాత పాస్తాను ఖాళీ గిన్నెలోకి మార్చి సన్నని సెగ మీద అర నిమిషం ఉంచండి. మొదట సుయ్‌మని చప్పుడొస్తుంది, ఆవిరి లేస్తుంది. చప్పుడు తగ్గగానే వెన్న వేయండి, మరీ ఆగితే అడుగంటుతుంది. పాలకు బదులు పోసేది ఏదైనా సరే ముందు సగమే పోయండి. కలిపి చూశాక మిగతా సగం. స్ప్రెడ్ తప్ప గతి లేకపోతే మూడు స్పూన్లతో ఆపి, ద్రవం ఇంకో స్పూను తగ్గించండి.

ఇప్పటికే నీళ్లయి కూర్చుంటే? కంగారుపడి మైదా చల్లకండి. ఆ పని చేసి, మైదా ఉండలు చితకలేక, పచ్చి పిండి వాసన పోక, అసలు సమస్యకన్నా పెద్దది నెత్తికి తెచ్చుకున్నవాళ్లను చాలామందిని చూశాను. సన్నని సెగ మీద ఒకటి రెండు నిమిషాలు ఆపకుండా కలపండి. తర్వాత దించి, మూత పెట్టకుండా మూడు నిమిషాలు వదిలేయండి. చల్లారే కొద్దీ పిండిపదార్థం పట్టుకుంటుంది, పాస్తా కూడా కాస్త పీల్చుకుంటుంది. పొయ్యి మీద గరిటజారుగా ఉన్నది పళ్లెంలోకి వచ్చేసరికి సరిపోతుంది. పొయ్యి మీదే సరిగ్గా కనిపించింది తినేసరికి ముద్ద. ఆ మూడు నిమిషాలు ఆగకుండా తీర్పు చెప్పేస్తారు, అదే నాకు కోపం. ఆగాక కూడా పలచగానే ఉంటే ఒక స్పూను పాలపొడి, లేదా ఒక ప్రాసెస్డ్ చీజ్ స్లైసు చింపి వేయండి.

దీనికి పూర్తి తలకిందులు కూడా ఉంది. పాస్తా వార్చి చిల్లుల గిన్నెలో వదిలేసి, పాలకు బదులు ఏముందా అని పది నిమిషాలు అలమరలన్నీ వెతుకుతారు. ఆలోగా పాస్తా ఎండి ఒకదానికొకటి అతుక్కుని, తర్వాత వేసిన సాస్‌నంతా తాగేస్తుంది. ఫ్రిజ్ తలుపు పొయ్యి వెలిగించకముందు తీయాలండీ. దీనికి ఇంతకన్నా చిట్కా లేదు.

సమస్య: చీజ్ పొడి ఉండలు కట్టింది

పొడిని వేడి తడి పాస్తా మీద నేరుగా గుమ్మరించారు. ఉండ పైపొర తడి తగలగానే ఉబ్బి మూసుకుపోతుంది, లోపల పొడి పొడిగానే మిగిలిపోతుంది. వెన్న లేక పాల కొలత కూడా తగ్గించినవాళ్లకు ఇది ఖాయం. పొడిని కప్పులో వేసి, పోయబోయే పాలలోనో నీళ్లలోనో ముందే కలపండి. ద్రవం చల్లగానో గోరువెచ్చగానో ఉండాలి. ముందు రెండు స్పూన్లతో ముద్దలా చేసి, తర్వాత పలచన చేయండి. కట్టేసిన ఉండల్ని గిన్నె అంచుకు ఆనించి గరిటె వెనకతో నలపడమే, వేరే దారి లేదు.

సమస్య: సాస్ విరిగి రవ్వరవ్వగా ఉంది

పాల బదులు పెరుగు, సోయా పాలు, లేదా పొట్లం చాలదని తురిమిన అసలు చీజ్. మూడింటికీ శత్రువు సెగే, పులుపు తోడైతే ఇంకా త్వరగా చెడుతుంది. చాలా చీజ్ పొడుల్లో సిట్రిక్ ఆమ్లమో లాక్టిక్ ఆమ్లమో ముందే ఉంటుంది. నిమ్మకాయ పిండకపోయినా సోయా పాలు విరిగేది అందుకే.

పొయ్యి కట్టేసి, గిన్నెను వేడి బర్నరు మీదనుంచి పక్కకు జరిపి, ఒక నిమిషం ఆగి అప్పుడు వేయండి. పెరుగైతే ముందు గిలక్కొట్టి, గిన్నెలోని వేడి సాస్ ఒక స్పూను అందులో కలిపి, ఆ తర్వాత పాస్తాలో కలపండి. పెరుగు వేశాక మళ్లీ పొయ్యి ఎక్కించొద్దు.

తురిమిన చీజ్ విడిపోయి నూనె తేలితే ప్రాసెస్డ్ చీజ్ స్లైసు ఆదుకుంటుంది. అందులో సిట్రేట్, ఫాస్ఫేట్ లవణాలు ఉంటాయి. అవి చీజ్‌లోని కాల్షియాన్ని పట్టుకుని, కొవ్వూ నీరూ విడిపోకుండా ప్రొటీన్‌కు సాయపడతాయి. 1911లో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ సోడియం సిట్రేట్ వాడి కరిగించిన చీజ్ తయారుచేసింది ఈ కిటుకుతోనే. ఒక స్లైసు, ఒక స్పూను వేడి నీళ్లు, గట్టిగా గిలక్కొట్టడం. సాధారణంగా దారికొస్తుంది. పెరుగు, సోయా పాలు విరిగితే మాత్రం అతకవు. రుచికి తేడా ఉండదు, కళ్లు మూసుకుని తినేయండి.

నిమ్మరసం వేసి పాలు విరగ్గొట్టి చేసే రకం చీజ్ అసలు కరగదు. ఎంతసేపు కలిపినా ముక్కలు ముక్కలుగానే ఉంటుంది, మీ పనితనంలో లోపం లేదు.

సమస్య: పైన నూనె తేలుతోంది

వెన్న బదులు నూనె, స్పూనుకు స్పూను వేశారు. వెన్నలో కొంత నీరుంది, నూనెలో లేదు. నాలుగు స్పూన్ల వెన్నకు మూడు స్పూన్ల నూనె చాలు, నేనైతే రెండున్నరతో ఆపేస్తాను. తేలినదానికి ఒక స్పూను వేడి పాలు పోసి వేగంగా కలపండి. వాసన లేని నూనె వాడండి.

సమస్య: తియ్యగా, వెనిలా వాసనతో ఉంది

సోయా పాల లాంటి మొక్కల పాల డబ్బా మీద చిన్న అక్షరాల్లో వెనిలా అనో, చక్కెర కలిపినదనో ఉంటుంది. పోయకముందు ఒక గుక్క తాగి చూడండి, అంతే. కండెన్స్‌డ్ పాలకూ ఎవాపరేటెడ్ పాలకూ డబ్బాలు అన్నదమ్ముల్లా ఉంటాయి. మొదటిదాంట్లో సగానికి దగ్గరగా చక్కెరే. అది పోసేస్తే బాగుచేయడం నావల్ల కాదు. వెనిలా మోతాదు తక్కువైతే మిరియాల పొడి, ఆవాల ముద్ద కొంతవరకు కప్పుతాయి.

లాక్టోజ్ లేని పాలు కూడా కాస్త తియ్యగా అనిపిస్తాయి కానీ ఇబ్బంది ఉండదు. అన్నిటికన్నా నిశ్చింతగా వాడగలిగేది పాలపొడి: 60 మి.లీ. నీళ్లకు నాలుగు టీ స్పూన్లు.

సమస్య: ఉప్పు కషాయం

ఉడికించే నీళ్లలో ఉప్పు, ఉప్పు వెన్న, పైన స్లైసు, పొట్లంలో ఎలాగూ ఉన్న ఉప్పు. దేన్ని తీసేస్తారో మీ ఇష్టం, నేను మొదటిది తీసేస్తాను. వేరే వెన్న వాడుతున్నప్పుడు పొట్లంలో ముప్పావు వంతే వేసి రుచి చూడండి. ఎక్కువైపోతే గుప్పెడు పాస్తా ఉప్పు లేకుండా ఉడికించి కలపండి. బంగాళదుంప ముక్క వేస్తే ఉప్పు లాగేస్తుందనే మాట నమ్మొద్దు. అది ఉప్పునీళ్లు పీలుస్తుంది, ఉప్పును విడిగా ఏరదు.

సమస్య: పాస్తా మార్చాను, సాస్ చాలలేదు

కప్పుతో కొలిచారు. చిన్న గొట్టాలూ, మెలితిరిగిన పెద్ద పాస్తా ముక్కలూ కప్పులో ఒకే బరువు తూగవు. తూకం వేసి, డబ్బాలో ఉన్నంతే తీసుకోండి. గ్లూటెన్ లేని పాస్తా అయితే డబ్బా చెప్పిన టైముకు రెండు నిమిషాల ముందే కొరికి చూడటం మొదలుపెట్టండి, అది ఉన్నట్టుండి మెత్తబడి ముద్దవుతుంది.

పొడి పాతబడి ముక్కిపోవడం, ఎత్తైన ప్రదేశంలో నీళ్లు తక్కువ వేడికే మరగడం లాంటి కారణాలు కూడా చెబుతుంటారు. మొదటిది పొట్లం చించగానే ముక్కుకు తెలుస్తుంది. రెండోదానికి ఇంకో రెండు మూడు నిమిషాలు ఉడికించండి. వీటి గురించి అడిగినవాళ్లలో దాదాపు అందరి చిల్లుల గిన్నె కిందా నీళ్లే ఉన్నాయి.

మిగిలింది మర్నాటికి రాయిలా గట్టిపడితే సాస్ చెడిందని కాదు, రాత్రంతా పాస్తా తడిని పీల్చుకుంది. ఒక స్పూను పాలు చల్లి, మూత పెట్టి, సన్నని సెగ మీద వేడిచేయండి. పాలు లేకపోతే నీళ్లే పోయండి, ఇక్కడ మాత్రం భయం లేదు.