బయాప్సీలో తేలలేదు, థైరాయిడ్ ఆపరేషన్ అన్నారా? డేట్ తీసుకునే ముందు ఇవి చూసుకోండి

పిల్లల సెలవుల్లో ఆపరేషన్ పెట్టుకుందామని వైజాగ్‌లో డేట్లు అడుగుతున్నవాళ్ల కోసం.

గ్రంథి మొత్తం తీస్తారా, సగమా? ముందు ఇదే అడగండి. బయాప్సీ రిపోర్టులో బెథెస్డా అని 1 నుంచి 6 వరకు ఒక అంకె ఇస్తారు. అది 3, 4 అంటే క్యాన్సర్ అని తేలినట్టు కాదు. గడ్డ ఒకవైపే ఉంటే చాలామందికి సగం తీస్తే చాలు. మొత్తం తీసేస్తే జీవితాంతం థైరాయిడ్ మాత్ర తప్పదు. రెండోవైపు కూడా గడ్డలుంటే లెక్క వేరు.

రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకండి, సూదితో తీసిన కణాలు పూసిన స్లైడ్లు అడిగి తీసుకోండి. కేజీహెచ్‌లోనో, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో ఇంకో పెథాలజిస్టు చూస్తే అభిప్రాయం మారొచ్చు. అవి పల్చటి గాజు పలకలు. డబ్బాలో పెట్టించుకుని, ఆటోలో ఒళ్లోనే ఉంచుకోండి. 3 అని వస్తే సూది పరీక్ష (బయాప్సీ) మళ్లీ చేయొచ్చేమో కూడా అడగండి.

స్వరపేటిక పరీక్ష ముందే చేయించండి. గొంతు నరం గ్రంథి వెనకే ఉంటుంది. టీచర్లు, పాడేవాళ్లు అసలు వదలొద్దు.

రక్తం పల్చబడే మాత్రల సంగతి చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లు అలా ఆపేస్తే ప్రాణం మీదకు రావచ్చు.

మొత్తం తీయించుకుని శ్రీకాకుళం వైపు వెళ్లాల్సినవాళ్లు మొదటి రెండు మూడు రోజులు నగరంలోనే ఉంటే మంచిది. కాల్షియం పడిపోతే పెదాల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి వస్తుంది. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సగమే తీస్తే, తీసిన ముక్క రిపోర్టును బట్టి మిగతా సగానికి రెండో ఆపరేషన్ అవసరం కావచ్చు. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.