పాత రికర్వ్ విల్లు: కనిపించే లోపం, దాని కారణం, చేయవలసిన పని

మిషిగన్‌లో ఇంటి సామాన్ల అమ్మకాలకు వెళ్లే అలవాటున్నవారికి 1950ల నుంచి 1970ల వరకు తయారైన రికర్వ్ విల్లులు, అంటే కొనలు ముందుకు వంపు తిరిగిన విల్లులు, ఇప్పటికీ తటస్థపడుతుంటాయి. ఫ్రెడ్ బేర్ 1933లో డెట్రాయిట్‌లో స్థాపించిన సంస్థ 1947లో గ్రేలింగ్‌కు మారి, 1978లో ఫ్లోరిడాకు తరలిపోయేదాకా ఈ రాష్ట్రంలోనే విల్లులు తయారుచేసింది. నేనూ ఈ రాష్ట్రానికి వచ్చాకనే వాటిని సేకరించడం, సరిచేసుకుని ప్రయోగించడం నేర్చుకున్నాను. ఇన్నేళ్లలో నాకు బలపడిన అభిప్రాయం ఒకటే. పాత విల్లు సరిగా పనిచేయకపోతే, చాలాసార్లు లోపం విల్లులో ఉండదు. నారిలోనో, దాన్ని ఎక్కించిన తీరులోనో, బాణంలోనో ఉంటుంది. అందువల్ల వెనక్కి తీసుకోగలిగిన మార్పులతో మొదలుపెట్టాలి. ఉలి, గరుకు కాగితం, కొత్త వార్నిష్ చివరిదాకా దూరంగా ఉండాలి.

సమస్య: విల్లు ఏ సంవత్సరానిదో తేలడం లేదు

బేర్ విల్లుల మీద "కెనడా 1953" అని కనిపించగానే అది తయారైన సంవత్సరమని చాలామంది పొరబడతారు, అమ్మేవారూ అదే చెబుతారు. అది కెనడాలో వచ్చిన పేటెంటు సంవత్సరం మాత్రమే. ఆ ముద్ర తర్వాతి ఏళ్ల విల్లుల మీద కూడా ఉంటుంది. పిడి పక్కన పొదిగిన గుండ్రని బిళ్లను వేలితో తడిమి చూడండి. బిళ్ల చెక్కతో సమానంగా ఉంటే సాధారణంగా 1972కు లోపుదని, ఉబ్బెత్తుగా తగిలితే ఆ తర్వాతిదని అంచనా వేయవచ్చు.

సమస్య: లింబ్ గ్లాసు మీద గీతలు ఉన్నాయి

అన్నిటికంటే ముందు, నారి ఎక్కించకముందే చూడవలసింది ఇది. పట్టుకు పైనా కిందా వంగే భాగాలైన లింబ్‌లు చెక్క పొరలకు ఇరువైపులా ఫైబర్ గ్లాసు అతికించి చేసినవి. వాటి మీద గీతలు మూడు రకాలు. మొదటిది, పైపూత మాత్రమే ఎండి బీటలు వారడం; దీనివల్ల చూపుకు తప్ప బలానికి నష్టం లేదు. రెండవది, లింబ్ పొడవునా గ్లాసు పోగుల వెంట సాగే సన్నని గీత. ఇది పాత విల్లుల్లో తరచుగా కనిపిస్తుంది, చాలావరకు ప్రమాదకరం కాదు. మూడవది, లింబ్‌కు అడ్డంగా, పోగులను తెంపుతూ పోయే గీత. భయపడవలసింది దీనికే.

పూత బీటకూ గ్లాసు పగులుకూ తేడా పట్టడానికి ఒక దూది ఉండను లింబ్ మీద నెమ్మదిగా లాగండి. నా దగ్గరున్న 58 అంగుళాల గ్రిజ్లీ అనే బేర్ విల్లు మీద అలా లాగుతున్నప్పుడు, కింది లింబ్ అంచున ఒకచోట దూది పోగు ఒకటి చిక్కుకుని, తెల్లని వెంట్రుకలా నిలబడిపోయింది. భూతద్దంలో చూస్తే అక్కడ గ్లాసు పెచ్చు ఆవగింజంత లేచి ఉంది. అది పొడవు గీత చివర కాబట్టి పల్చని సూపర్ గ్లూ చుక్కను లోపలికి ఇంకనిచ్చి, ఆరాక చదును చేస్తే సరిపోయింది. అదే అడ్డగీత అయివుంటే ఆ విల్లు గోడకే పరిమితమయ్యేది.

పొరల మధ్య జిగురు విడవడం దీనికి దగ్గరి సమస్య. లింబ్ అంచు వెంట జిగురు గీతను వెలుతురులో చూసి, అనుమానమున్నచోట పల్చని కాగితం అంచును దూర్చిచూడండి. ఎండలో నిలిపిన కారులో విల్లును వదిలేయడం దీనికి సాధారణ కారణం. ఆ వేడికి జిగురు మెత్తబడుతుంది. వింటికొప్పు, అంటే నారి తగిలించే కొన, దగ్గరి అదనపు పొర మాత్రమే లేస్తే ఎపాక్సీ పెట్టి, బిగించి ఆరనివ్వవచ్చు. గ్లాసు పిడి చెక్కను కలిసేచోట లేస్తే మాత్రం ఆ విల్లును లాగకండి.

సమస్య: ఎక్కించిన తర్వాత నారి ఒక పక్కకు జారుతోంది

లింబ్ మెలితిరిగిందన్నమాట. విల్లు కొప్పును కంటికి దగ్గరగా పెట్టుకుని నారి వెంట చూస్తే, అది లింబ్ వంపు మధ్యలోని గాడిలో కాక అంచువైపు కనిపిస్తుంది. కారణం సాధారణంగా రెండింటిలో ఒకటి: విల్లును కాళ్ల మధ్య దూర్చి నారి ఎక్కించడం, లేదా ఏళ్ల తరబడి గోడ మూలన నిలబెట్టి కింది లింబ్ మీద బరువంతా మోపడం. మొదటి పద్ధతిలోనే నేను ఒక మంచి విల్లు లింబ్‌ను పాడుచేశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను: రెండు కొప్పులకూ తొడిగి, తాడును పాదంతో తొక్కి, విల్లును పైకి లేపే స్ట్రింగర్ లేకుండా ఏ రికర్వ్‌కూ నారి ఎక్కించవద్దు.

మెలిక స్వల్పమైతే పోతుంది. నారి ఎక్కించిన విల్లు లింబ్‌ను రెండు చేతులతో పట్టి, మెలికకు వ్యతిరేక దిశలో మధ్యగీతను కొద్దిగా దాటేదాకా తిప్పి, ఒక నిమిషం ఆపి వదలండి. వెచ్చని గదిలో, కొన్ని రోజులపాటు, తొందర లేకుండా ఇలా చేయాలి. హీట్ గన్ దగ్గరికి తేవద్దు; పై పేరాల్లో చెప్పిన జిగురును గుర్తుంచుకోండి. తర్వాత విల్లును నారి దించి, రెండు మేకుల మీద అడ్డంగా ఉంచండి.

సమస్య: వదలగానే పెద్ద చప్పుడు, చేతికి కుదుపు

ముందు నారిని చూడండి. పాత విల్లుల కొప్పులు సాగే గుణమున్న డాక్రాన్ (పాలిస్టర్ దారం) నారి కోసం చేసినవి. సాగని కొత్తరకం ఫాస్ట్ ఫ్లైట్ నారి ఆ అదురును నేరుగా కొప్పుల మీదికి పంపుతుంది, అవి చీలవచ్చు. కాబట్టి డాక్రానే వాడాలి. విల్లు మీద రాసిన పొడవు కంటే నారి సుమారు 4 అంగుళాలు తక్కువ ఉంటుంది.

తర్వాత బ్రేస్ హైట్, అంటే పట్టు లోతైన చోటు నుంచి నారికి ఉన్న దూరం. 58-60 అంగుళాల రికర్వ్‌కు ఏడున్నర నుంచి 8 అంగుళాలు మంచి ప్రారంభం. నారికి మరికొన్ని మెలికలు వేస్తే దూరం పెరుగుతుంది, విప్పితే తగ్గుతుంది. కొద్దికొద్దిగా మారుస్తూ కొన్ని బాణాలు వేసి వినండి. ఒకచోట చప్పుడు మెత్తబడుతుంది. బాణం మరీ తేలికైనా ఇదే చప్పుడు వస్తుంది. పాత విల్లుకు ప్రతి పౌండు లాగుడు బరువుకు (విల్లును లాగడానికి పట్టే బలానికి) కనీసం 9 గ్రెయిన్ల (బాణాల బరువును కొలిచే చిన్న కొలత) బాణం వాడటం నా నియమం. బాణం లేకుండా నారి లాగి వదలడం ఎన్నడూ చేయకూడదు. పొరపాటున జరిగితే మళ్లీ దూది ఉండతో మొదలుపెట్టండి.

సమస్య: విల్లు మీద 45 అని ఉంది, కానీ అంత బరువు అనిపించడం లేదు

ఆ అంకె 28 అంగుళాలు లాగినప్పటిది. అంగుళానికి సుమారు రెండు మూడు పౌండ్లు మారుతుంది కాబట్టి 26 అంగుళాలే లాగేవారి చేతిలో అదే విల్లు 40 పౌండ్ల చుట్టుపక్కలే ఉంటుంది. బాణాన్ని కూడా ఆ అసలు బరువుకే ఎంచుకోవాలి.

సమస్య: బాణం ఊగుతూ పోతోంది

పైకీ కిందికీ ఊగితే కారణం సాధారణంగా నాకింగ్ పాయింట్, అంటే నారి మీద బాణం తగిలించే చోటు. బాణం ఆనే గట్టుకు లంబంగా ఉన్న స్థానం కంటే పావు నుంచి 3/8 అంగుళం పైన మొదలుపెట్టి సరిచేయండి.

పక్కలకు ఊగితే బాణపు కాడ గట్టిదనం, అంటే స్పైన్, విల్లుకు సరిపడలేదు. ఈకలు లేని ఒక బాణాన్ని ఈకలున్న వాటితో పాటు పది గజాల నుంచి, మెత్తని లక్ష్యంలోకి వేయండి. దేవదారు కాడలైతే వంకరగా దిగి విరిగే ప్రమాదముంది కనుక అంతకంటే దూరం వద్దు. కుడిచేతివాటం వారికి ఈకలు లేనిది ఎడమకు పడితే కాడ గట్టిది, కుడికి పడితే మెత్తది. గట్టిదైతే బరువైన ములుకు వేయండి. మెత్తదైతే తేలికైన ములుకు వేసి చూడండి, అదీ చాలకపోతే కాడను పావు అంగుళం చొప్పున కత్తిరించండి. ఒకేసారి అంగుళం తీసేస్తే తిరిగి అతికించలేరు. కత్తిరించే ముందు ఇంకొక ఉపాయముంది: బాణం పక్క రాసుకునే తోలు ముక్క వెనుక సన్నని తోలు పొర ఒకటి చేర్చి మళ్లీ వేయండి. నా గ్రిజ్లీకి ఆ ఒక్క పొరతోనే ఈకలు లేని బాణం మిగతా వాటి పక్కకు వచ్చి చేరింది.