యుద్ధానికి పాత లోహపు సామాను ఇచ్చేముందు ఇవి చూస్కోండి

యుద్ధ అవసరాలకి కరిగించడానికి ఇళ్ల నుంచి పాత లోహపు సామాను తీసుకెళ్లే రోజు దగ్గర పడుతోంది కదా, అటక మీదవి దించేముందు ఓసారి చదవండి.

- మూత బిగించి ఉన్నది ఏదీ వేయొద్దు. గ్యాస్ సిలిండర్, స్ప్రే డబ్బా, సీల్ తీయని టిన్ను... లోపల కాస్త గ్యాసో నీళ్లో మిగిలినా కొలిమిలో పడ్డాక పేలుద్ది, అక్కడ పనిచేసేవాళ్ల ప్రాణాల మీదకొస్తది.

- పాత తూటాలు, షెల్లులు (ఫిరంగి గుండ్లు) కనిపిస్తే ముట్టుకోకండి, ఖాళీదేలే అని అస్సలు అనుకోవద్దు, పోలీసులకి చెప్పండి.

- బ్యాటరీలు తీసేయండి, లిథియంవి నలిగితే మంటే.

- అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఇనుము, లేదంటే అల్యూమినియం, రాగి, ఇత్తడి అయ్యుండొచ్చు, వేరే సంచిలో వేయండి. కొన్ని స్టీలు గిన్నెలకి కూడా అంటదు కానీ అల్యూమినియం చేతికి తేలిగ్గా తెలిసిపోద్ది. అల్యూమినియం గిన్నె పిడికి ఇనప రివెట్లుంటే ఊడదీసెయ్యండి, ఇనుము కలిస్తే ఆ లోహం పాడు.

- రోజూ వండుకునే గిన్నెలు ఇవ్వొద్దు. 1940 జులైలో బ్రిటన్‌లో విమానాలకి అల్యూమినియం అడిగితే జనం వాడుకునే గిన్నెలు కూడా ఇచ్చేశారు, ఆవేశం మంచిదే గానీ మళ్లీ కొత్తవి కొంటే వాటికీ లోహమే కావాలిగా.

- పాత ఇత్తడి సామాను విషయం ఇంట్లో పెద్దవాళ్లని అడిగాకే, కరిగాక తిరిగిరాదు.