విండోస్ 11కి మారాక షేర్డ్ ఫోల్డర్లు మెల్లగా తెరుచుకుంటున్నాయా? ఎక్కడ ఆగుతోందో ఇలా పట్టుకోండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. ఆ తేదీకి అటూ ఇటూగా ఆడిటర్ల ఆఫీసుల్లో, ఫొటో స్టూడియోల్లో, డీటీపీ సెంటర్లలో చాలా కంప్యూటర్లు విండోస్ 11కి మారాయి. ఆ తర్వాత తరచుగా వినిపించే మాట ఒకటుంది: "నెట్ బాగానే ఉంది, వీడియోలు ఆగకుండా వస్తున్నాయి. సర్వర్‌లో ఫోల్డర్ మీద క్లిక్ చేస్తే మాత్రం 'వర్కింగ్ ఆన్ ఇట్' అంటూ కూర్చుంటోంది. నిన్నటిదాకా టక్కున తెరుచుకునేది."

దీనికీ మీ ఇంటర్నెట్ ప్యాకేజీకీ సంబంధం లేదు. షేర్డ్ ఫోల్డర్ తెరవడం మీ ఆఫీసు గోడల మధ్య, మీ కంప్యూటర్‌కీ సర్వర్‌కీ జరిగే వ్యవహారం. ఫోల్డర్ ఆలస్యంగా తెరుచుకుంటోందంటే చాలాసార్లు ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఎవరినో ఏదో అడిగి జవాబు కోసం ఎదురుచూస్తోందని అర్థం. ఎవరి కోసం ఆగిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. అది తెలుసుకోకుండా నెట్‌లో కనిపించిన సెట్టింగులన్నీ మార్చేస్తే, రేపు ఇంకోటి చెడినప్పుడు దేనివల్ల చెడిందో తెలియదు. అందుకే ఒకసారికి ఒక్క మార్పే చేయండి, ఫలితం చూడండి, రాసుకోండి.

1. ముందు రీస్టార్ట్, తర్వాత ఒక చిన్న పరీక్ష

అప్‌గ్రేడ్ అయిన మొదటి రోజు అప్‌డేట్లు, ఇండెక్సింగ్, వైరస్ స్కాన్ వెనకాల నడుస్తూనే ఉంటాయి. మిగిలిన అప్‌డేట్లన్నీ వేసి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే సరిపోదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ విండోస్‌ను పూర్తిగా దించదు, రీస్టార్ట్ మాత్రం దించుతుంది.

ఇప్పుడు సర్వర్ నుంచి ఒక జీబీకి పైన ఉన్న ఒకే ఒక్క పెద్ద ఫైలును మీ డెస్క్‌టాప్‌కి కాపీ చేయండి. కాపీ విండోలో "మోర్ డీటెయిల్స్" నొక్కితే వేగం కనిపిస్తుంది. గిగాబిట్ కేబుల్ మీద అంతా బాగుంటే సెకనుకి 110 ఎంబీ దగ్గర్లో రావాలి. 11 ఎంబీ దగ్గరే ఆగిపోతే లైను 100 మెగాబిట్‌కి పడిపోయిందన్నమాట. చిన్న చిన్న ఫైళ్ల గుంపుతో ఈ పరీక్ష చేయకండి, అవి ఎప్పుడైనా మెల్లగానే వెళ్తాయి.

కాపీ వేగంగా జరిగి ఫోల్డర్ తెరవడం మాత్రమే ఆలస్యమవుతుంటే 2, 3, 4 చూడండి. కాపీ కూడా నత్తనడకే అయితే నేరుగా 5, 6కి వెళ్లండి. ఇంకా విండోస్ 10తోనే ఉన్న కంప్యూటర్ ఆఫీసులో ఉంటే అదే ఫోల్డర్‌ను అందులోనూ తెరిచి చూడండి. అక్కడా ఆలస్యమవుతుంటే తప్పు అప్‌గ్రేడ్‌ది కాదు, సర్వర్‌దో, కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్‌దో.

2. పేరుతో కాకుండా ఐపీతో తెరవండి

ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో సర్వర్ పేరుకు బదులు దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ మెషీన్‌కి ఉండే నంబరు) టైప్ చేయండి: \\192.168.1.20 ఇలా. మీ సర్వర్ ఐపీ ఏమిటో ఆ సర్వర్‌లోనో రూటర్ పేజీలోనో కనిపిస్తుంది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ మళ్లీ అడిగితే ఇవ్వండి. విండోస్ వాటిని పేరుకొకసారి, ఐపీకొకసారి విడివిడిగా దాచుకుంటుంది.

ఐపీతో వెంటనే తెరుచుకుని పేరుతో ఆలస్యమవుతుంటే, ఆ పేరు గల మెషీన్ ఎక్కడుందో కనుక్కోవడానికే సమయం పోతోంది. ఇది చాలా తరచుగా కనిపించే కారణం. చిన్న ఆఫీసుల్లో పేర్లు చూసుకునే సర్వర్ విడిగా ఉండదు. విండోస్ మొదట రూటర్‌ను అడుగుతుంది, అక్కడ జవాబు రాకపోతే నెట్‌వర్క్‌లో ఉన్న అందరినీ అడుగుతుంది. ఒక్కో అడుగులో కొన్ని సెకన్లు పోతాయి.

దీన్ని సరిచేయడానికి, ముందు రూటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనే చోట సర్వర్‌కి ఒకే ఐపీ ఎప్పటికీ ఉండేలా పెట్టండి. తర్వాత "దిస్ పీసీ"లో మూడు చుక్కల మెనూ నుంచి "మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్" ఎంచుకుని ఐపీతోనే డ్రైవ్ కట్టండి. ట్యాలీ లాంటి ప్రోగ్రాములో డేటా దారి పాత పేరుతోనే ఉండి, అది మార్చడం ఇష్టం లేకపోతే ఇంకో దారి ఉంది. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, అందులో డ్రైవర్స్, అందులో ఈటీసీ అనే ఫోల్డర్‌లో ఉన్న హోస్ట్స్ ఫైలు చివర ఒక లైన్ రాయండి: ఐపీ, ఒక ఖాళీ, సర్వర్ పేరు. డొమైన్‌కి (కంపెనీ లాగిన్లన్నీ ఒకే చోట నుంచి నడిపే ఏర్పాటుకి) కలిపిన కంపెనీ కంప్యూటర్ అయితే ఇవేవీ మీరు చేయకండి, ఐటీ వాళ్లకే చెప్పండి. అక్కడ లాగిన్ వ్యవహారం కూడా పేర్ల మీదే నడుస్తుంది.

ఇదే చోట నెట్‌వర్క్ ప్రొఫైల్ కూడా చూడండి. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌కి వెళ్లి, మీ ఈథర్‌నెట్ లేదా వైఫై ప్రాపర్టీస్ తెరవండి. అప్‌గ్రేడ్ తర్వాత కొన్నిసార్లు విండోస్ పాత నెట్‌వర్క్‌నే కొత్తదనుకుని "పబ్లిక్" అని పెట్టేస్తుంది. సొంత ఆఫీసు, సొంత ఇల్లు అయితే "ప్రైవేట్" చేయండి. ఎడమ పక్కన "నెట్‌వర్క్" మీద నొక్కి కంప్యూటర్లన్నీ కనిపించేదాకా ఎదురుచూసే అలవాటు ఉంటే అది మానుకోవడం మేలు. మ్యాప్ చేసిన డ్రైవ్ ఉంటే ఆ వెతుకులాటే అక్కర్లేదు.

3. లేని సర్వర్ల కోసం ఎదురుచూపు ఆపండి

"దిస్ పీసీ"లో ఎర్ర గుర్తుతో పాత డ్రైవ్‌లు వేలాడుతున్నాయా? ఎప్పుడో మార్చేసిన సర్వర్‌వి, పక్క సీటు నుంచి వెళ్లిపోయిన కంప్యూటర్‌వి? ఎక్స్‌ప్లోరర్ వాటిని కూడా పలకరించి జవాబు కోసం ఆగే అవకాశం ఉంది. రైట్ క్లిక్ చేసి డిస్కనెక్ట్ చేయండి. క్విక్ యాక్సెస్‌లో పిన్ చేసిన పాత నెట్‌వర్క్ ఫోల్డర్లు కూడా తీసేయండి.

ఎక్స్‌ప్లోరర్ మూడు చుక్కల మెనూలో ఆప్షన్స్ తెరిచి, పైన "ఓపెన్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ టు" దగ్గర "హోమ్" బదులు "దిస్ పీసీ" పెట్టండి. కింద ప్రైవసీ భాగంలో ఇటీవల వాడిన ఫైళ్లు, తరచూ వాడే ఫోల్డర్లు చూపించే టిక్కులు తీసేసి "క్లియర్" నొక్కండి.

4. ఫోల్డర్ పిక్చర్స్ వేషంలో ఉందేమో చూడండి

ఫొటో స్టూడియోల వాళ్లు, పీడీఎఫ్‌లు కుప్పలుగా ఉండే ఆడిటర్ ఆఫీసుల వాళ్లు దీన్ని తప్పక చదవాలి. అసలు నెమ్మదితనం ఇక్కడే దాక్కుని ఉండి, అందరూ కేబుల్‌నీ రూటర్‌నీ తిట్టుకుంటూ ఉంటారు.

ఫోల్డర్ తెరిచినప్పుడు సర్వర్ ఒక జాబితా పంపుతుంది: ఫైలు పేరు, సైజు, మార్చిన తేదీ. ఇవి గంపగుత్తగా వచ్చేస్తాయి, వేల ఫైళ్లున్నా పెద్ద భారం కాదు. కానీ పైన కాలమ్స్‌లో "డేట్ టేకెన్" అని ఉందనుకోండి. ఫొటో తీసిన తేదీ ఆ జాబితాలో ఉండదు, జేపెగ్ ఫైలు లోపల ఉంటుంది. అది చూపించాలంటే విండోస్ ఒక్కో ఫైలునూ నెట్‌వర్క్ మీదుగా తెరవాలి, కొంత చదవాలి, మూసేయాలి. ఒక పెళ్లి ఫోల్డర్‌లో మూడు వేల ఫొటోలుంటే ఆ తెరవడాలు మూసేయడాలు మూడు వేలు. దానికి తోడు ఆ తేదీ ప్రకారమే సార్ట్ చేసి ఉంటే, అన్నీ చదివేదాకా వరుస కుదరదు, స్క్రీన్ కుదురుకోదు. మీ ముందు కనిపిస్తున్నవి ఇరవై ఫొటోలే కావచ్చు, చదవాల్సింది మాత్రం మొత్తం ఫోల్డర్‌ని.

ఈ కాలమ్స్ మీరు పెట్టినవే కానక్కర్లేదు. ఫోల్డర్‌లో ఏముందో చూసి విండోస్ దానికదే పిక్చర్స్, వీడియోస్, మ్యూజిక్ అని ఒక టెంప్లేట్ తగిలిస్తుంది. మీరు పాత విండోస్‌లో చేసుకున్న సర్దుబాట్లు అప్‌గ్రేడ్‌లో పోతే మళ్లీ మొదటికి వస్తుంది.

ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో "కస్టమైజ్" ట్యాబ్ తెరవండి. "ఆప్టిమైజ్ దిస్ ఫోల్డర్ ఫర్" దగ్గర "జనరల్ ఐటమ్స్" ఎంచుకోండి. కింద సబ్‌ఫోల్డర్లకీ వర్తించే టిక్ పెట్టి ఓకే నొక్కండి. తర్వాత ఫోల్డర్ తెరిచి, వ్యూ "డీటెయిల్స్"కి మార్చి, కాలమ్ హెడ్డింగ్ మీద రైట్ క్లిక్ చేసి డేట్ టేకెన్, డైమెన్షన్స్, లెంగ్త్, ట్యాగ్స్ లాంటివి తీసేయండి. పేరు, మార్చిన తేదీ, రకం, సైజు చాలు. కుడి పక్కన ప్రివ్యూ పేన్ తెరిచి ఉంటే మూసేయండి. క్లిక్ చేసిన ప్రతి ఫైలునూ అది సర్వర్ నుంచి లాక్కుంటుంది.

ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్ కింద "ఆల్వేస్ షో ఐకాన్స్, నెవర్ థంబ్‌నెయిల్స్" అనే టిక్ కూడా ఉంది. పరీక్షకి పెట్టి చూడవచ్చు. కానీ అది కంప్యూటర్‌లోని ఫోల్డర్లన్నిటికీ వర్తిస్తుంది కాబట్టి ఫొటోల పని చేసేవాళ్లకి ఎప్పటికీ అలా ఉంచమని చెప్పను. థంబ్‌నెయిల్స్ అవసరమైతే ఒక్కో ఫంక్షన్‌కి ఒక్కో సబ్‌ఫోల్డర్ చేసుకోవడం మంచిది.

5. కాపీ కూడా మెల్లగా ఉంటే: కేబుల్, డ్రైవర్

సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ ప్రాపర్టీస్ కిందికి వెళ్తే "లింక్ స్పీడ్" ఉంటుంది. 1000/1000 ఉండాల్సిన చోట 100/100 ఉంటే మొదట కేబుల్ మార్చండి. గిగాబిట్‌కి కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కావాలి, 100 మెగాబిట్‌కి నాలుగు చాలు. అందుకే మిగతా నాలుగింటిలో ఒక తీగ తెగితే లైను చావదు, మెల్లబడుతుంది.

కేబుల్ బాగుంటే డ్రైవర్ (నెట్‌వర్క్ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) సంగతి చూడండి. అప్‌గ్రేడ్ సమయంలో విండోస్ పాత డ్రైవర్ తీసి తన దగ్గరున్నది పెట్టి ఉండవచ్చు. మదర్‌బోర్డ్ లేదా ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్ నుంచి విండోస్ 11 డ్రైవర్ తెచ్చి వేయండి. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డు ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో "ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్‌నెట్" లేదా "గ్రీన్ ఈథర్‌నెట్" కనిపిస్తే ఆఫ్ చేసి చూడండి. వైఫై మీద ఉన్నవాళ్లు 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మారండి. రోజంతా సర్వర్ ఫైళ్ల మీదే పనైతే కేబుల్ వేయించుకోవడమే మంచిది.

విండోస్ 10 నాటి యాంటీవైరస్ అలాగే ఉండిపోయిందా? దాన్ని అప్‌డేట్ చేయండి, లేదా పూర్తిగా తీసి కొత్తగా వేయండి. దాని మీదే అనుమానమైతే రెండు నిమిషాలు ఆపి ఫోల్డర్ తెరిచి చూసి, వెంటనే ఆన్ చేయండి.

6. సర్వర్ లేదా నాస్ బాక్స్ పాతదైతే

నాస్ అంటే నెట్‌వర్క్‌కి తగిలించి అందరూ ఫైళ్లు దాచుకునే డిస్క్ బాక్స్. విండోస్‌లో ఫైల్ షేరింగ్ నడిచేది ఎస్‌ఎంబీ అనే ప్రొటోకాల్ (కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి) మీద. 24హెచ్2 వెర్షన్ నుంచి విండోస్ 11 ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్‌లలో ఎస్‌ఎంబీ సైనింగ్ తప్పనిసరి అయింది. హోమ్‌లో తప్పనిసరి కాదు. అటూ ఇటూ వెళ్లే ప్రతి ప్యాకెట్ మీద ఒక ముద్ర పడుతుంది, దారిలో ఎవరూ మార్చలేదని దానితో తెలుస్తుంది. మంచి పనే. అయితే బలహీనమైన ప్రాసెసర్ ఉన్న పాత నాస్ బాక్సులకి ఈ ముద్రల లెక్కలు బరువవుతాయి, కాపీ వేగం పడిపోతుంది. పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లయితే ప్రో వెర్షన్‌లో ఏకంగా తెరుచుకోవు.

మీ వెర్షన్ ఏదో సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో ఉంటుంది. 24హెచ్2 లేదా ఆ తర్వాతిదైతే నాస్ ఫర్మ్‌వేర్ (బాక్స్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. దాని సెట్టింగ్స్‌లో గరిష్ఠ ప్రొటోకాల్ ఎస్‌ఎంబీ 3 పెట్టండి. గెస్ట్ బదులు పాస్‌వర్డ్‌తో ఒక యూజర్‌ను చేసి దానితో డ్రైవ్ మ్యాప్ చేయండి.

సైనింగే కారణమా అని ఖాయం చేసుకోవాలంటే లోకల్ సెక్యూరిటీ పాలసీ తెరిచి, లోకల్ పాలసీస్, సెక్యూరిటీ ఆప్షన్స్‌లో "మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్ క్లయింట్: డిజిటల్లీ సైన్ కమ్యూనికేషన్స్ (ఆల్వేస్)" డిసేబుల్ చేసి, రీస్టార్ట్ చేసి, కాపీ వేగం మళ్లీ చూడండి. నాస్ తనవైపు సైనింగ్ తప్పనిసరి చేసుకుని ఉంటే దీనివల్ల తేడా రాదు. తేడా వచ్చినా సెట్టింగ్ తిరిగి పెట్టేసి, నాస్ మార్చడానికి డబ్బు పక్కన పెట్టుకోండి.

ఒకటి మాత్రం ఎంత టెన్షన్‌లో ఉన్నా చేయకండి. "విండోస్ ఫీచర్స్‌లోకి వెళ్లి ఎస్‌ఎంబీ 1 ఆన్ చేస్తే అంతా పాతలా అయిపోతుంది" అని ఎవరో ఒకరు చెబుతారు. 2017 మేలో ప్రపంచాన్ని కుదిపిన వన్నాక్రై రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది ఎస్‌ఎంబీ 1లోని లోపం గుండానే. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా అప్పుడు దాని బారిన పడ్డాయి. క్లయింట్ల లెక్కలు, పెళ్లి ఫొటోలు ఉన్న సర్వర్‌కి ఆ తలుపు మళ్లీ తెరవకూడదు. ఎస్‌ఎంబీ 1 తప్ప ఇంకేదీ రాని బాక్స్ అయితే డేటా తీసేసి దాన్ని పక్కన పెట్టేయడమే.

7. ఇంకా కుదరకపోతే

అప్‌గ్రేడ్ అయి పది రోజులు దాటకపోతే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో "గో బ్యాక్" పనిచేస్తుంది. ముందు ఫైళ్ల బ్యాకప్ తీసుకోండి. వెనక్కి వెళ్లడం మాత్రం డ్రైవర్ దొరికేదాకా ఊపిరి పీల్చుకోవడానికే, ఎందుకంటే విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇక రావు.

టెక్నీషియన్‌ని పిలిచేట్టయితే ఈ వివరాలు ఒక కాగితం మీద రాసి ఉంచండి: విండోస్ వెర్షన్, లింక్ స్పీడ్, పెద్ద ఫైలు కాపీ వేగం, పేరుతో తెరిస్తే ఎన్ని సెకన్లు, ఐపీతో తెరిస్తే ఎన్ని సెకన్లు, పాత కంప్యూటర్‌లో ఎన్ని సెకన్లు, నాస్ మోడల్, ఇప్పటిదాకా మార్చిన సెట్టింగులు.